ఫ్లోరియన్ సంతతి: జెనీవా కూపే నుంచి శ్రీసిటీ పికప్ వరకు

నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన, పులికాట్ సరస్సుకు పడమటి దిక్కున, పదహారో నంబరు జాతీయ రహదారికి చేరువలో విస్తరించిన శ్రీసిటీ పారిశ్రామిక నగరంలో 2016 ఏప్రిల్ 27న ప్రారంభమైన ఇసుజు మోటార్స్ కర్మాగారం నుంచి బయటికి వచ్చేవి ప్రధానంగా పికప్ వాహనాలు, అంటే ముందు మనుషులు కూర్చునే క్యాబిన్, వెనక సరుకు వేసుకునే తొట్టి ఉన్న బండ్లు. ఈ బండ్లను చూసేవారికి, వీటిని తయారుచేసే జపాన్ సంస్థ ఒకప్పుడు ఇటలీ రూపశిల్పి గీసిన ఖరీదైన స్పోర్ట్స్ కూపేలను అమ్మిందనీ, ఫార్ములా వన్ పందేల స్థాయిలో పన్నెండు సిలిండర్ల ఇంజను నిర్మించిందనీ తోచడానికి ఆస్కారం తక్కువ. కూపే అంటే రెండు తలుపులతో, వెనక్కి వాలిన పైకప్పుతో, సామాను కంటే షోకుకు, వేగానికి పెద్దపీట వేసే కారు. పికప్ దానికి అన్ని విధాలా వ్యతిరేకం అనిపిస్తుంది. అయినా ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలు.

వాహనాల మోడళ్ల చరిత్రను తయారీదారుల ప్రచార పత్రాలు చెప్పే తీరు ఒకటే: ప్రతి కొత్త మోడల్ పాతదానికంటే ఒక మెట్టు పైన ఉంటుంది, చివరి మెట్టు మీద ఈ ఏడాది అమ్ముడవుతున్న కారు ఉంటుంది. జీవపరిణామం గురించి జనంలో ఉన్న అపోహ కూడా సరిగ్గా ఇలాంటిదే. పరిణామం మెట్ల వరుసగా కాక కొమ్మలు చీలే చెట్టుగా సాగుతుందనీ, ఏ కొమ్మ నిలుస్తుందో దాని అందమో నాణ్యమో ఒక్కటే నిర్ణయించదనీ, చుట్టూ ఉన్న పరిస్థితులకు అందులో పెద్ద వాటా ఉంటుందనీ జీవశాస్త్రం చెబుతుంది. ఫెరారీ, పోర్షే వంటి సంస్థల చరిత్రలో బతికిన కొమ్మే కళ్లకు కడుతుంది కాబట్టి ఈ సంగతి మరుగున పడుతుంది. ఎండిపోయిన కొమ్మ, నిలిచిన కొమ్మ పక్కపక్కనే కనిపించే ఇసుజు చరిత్ర ఈ విషయంలో ఎక్కువ ఉపయోగపడుతుంది.

సంస్థ మూలాలు టోక్యోలోని ఇషికవాజిమా ఓడల నిర్మాణశాలలో ఉన్నాయి. 1916లో వాహనాల వైపు చూపు మళ్లించిన ఆ నిర్మాణశాల, 1918లో బ్రిటన్‌కు చెందిన వూల్జ్‌లీ సంస్థతో సాంకేతిక ఒప్పందం చేసుకుని, 1922లో వూల్జ్‌లీ ఏ9 కారును జపాన్‌లోనే తయారుచేసింది. ఇసే దేవాలయం పక్కన పారే ఇసుజు నది పేరు 1934లో ఒక ట్రక్కుకు పెట్టారు, 1949లో అదే సంస్థ పేరయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొంతకాలం బ్రిటిష్ హిల్‌మన్ మింక్స్ కారును లైసెన్సుపై తయారుచేసి పని నేర్చుకున్న ఇంజనీర్లు, 1961లో బెల్లెల్, 1963లో బెల్లెట్ అనే సొంత కార్లను తెచ్చారు. డీజిల్ ట్రక్కుల సంపాదన మీద కార్ల విభాగం నడవడం అప్పటికే అలవాటుగా మారింది. ఆ తర్వాతి ముప్పై ఏళ్ల చరిత్రకు ఈ అలవాటే ఒక విధంగా కీలకం.

1960ల నడుమ ఇసుజు ఒక మధ్యతరహా కారుకు రూపకల్పన మొదలుపెట్టి, దానికి 117 అనే సంకేత సంఖ్య ఇచ్చింది. ఇటలీలోని గియా సంస్థలో పనిచేస్తున్న యువ రూపశిల్పి జోర్జెటో జుజారో ఈ పథకంలో భాగంగా గీసిన కూపే 1966 మార్చిలో జెనీవా ప్రదర్శనలో నిలబడింది. అదే పథకంలోని నాలుగు తలుపుల కారు 1967లో ఫ్లోరియన్ పేరుతో మార్కెట్టుకు రాగా, కూపే మాత్రం సంకేత సంఖ్యనే పేరుగా నిలుపుకుని 1968 డిసెంబరులో 117 కూపేగా అమ్మకానికి వచ్చింది. దాని ధర 17 లక్షల 20 వేల యెన్‌లు. రెండేళ్ల ముందు వచ్చిన తొలి టయోటా కరోలా ధర 4 లక్షల 32 వేల యెన్‌లే కాబట్టి, ఒక 117 కూపే డబ్బుతో దాదాపు నాలుగు కరోలాలు కొనవచ్చు.

ధర అంత ఉండడానికి కారణం రేకులోనే ఉంది. కారు పై రేకులను సాధారణంగా ఉక్కు అచ్చుల మధ్య పెట్టి భారీ ప్రెస్సులతో ఒత్తి మలుస్తారు. జుజారో గీసిన వంపులను, సన్నని పైకప్పు స్తంభాలను అప్పటి ప్రెస్సులు యథాతథంగా ఇవ్వలేకపోవడంతో, ముడి ఆకారాన్ని యంత్రం మీద ఒత్తి, మిగతా పనిని నిపుణులైన కార్మికులు చేత్తో సరిదిద్ది, అతుకులను అరగదీసి పూర్తిచేసేవారు. ఇలా చేతిపనితో తయారైన తొలి తరం కార్లు రెండున్నర వేలకు లోపే ఉన్నాయి. 1971లో అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ ఇసుజులో 34.2 శాతం వాటా తీసుకున్న తర్వాత, 1973 నుంచి 117 కూపే పూర్తి యంత్రోత్పత్తికి మారింది, 1981లో ఉత్పత్తి ఆగేసరికి మొత్తం 86,192 కార్లు తయారయ్యాయి.

ఆ కారు ఇంజను 1,584 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను. సిలిండర్లలోకి గాలిని రానిచ్చే కవాటాలకు, పొగను పంపే కవాటాలకు వేరువేరుగా రెండు క్యామ్‌షాఫ్ట్‌లను, అంటే మిట్టలున్న తిరిగే ఇరుసులను, సిలిండర్ల తలపైనే అమర్చే పద్ధతి ఇందులో ఉంది. కవాటాన్ని నొక్కడానికి మధ్యలో పొడవాటి కడ్డీలు అవసరం లేకపోవడంతో కదిలే బరువు తగ్గి, ఇంజను ఎక్కువ వేగంతో తిరగగలుగుతుంది. అలా అది నిమిషానికి 6,400 భ్రమణాల వద్ద 120 అశ్వశక్తి ఇచ్చేది. ఇదే ఇంజను 1969లో బెల్లెట్ జీటీ-ఆర్ అనే స్పోర్ట్స్ కారులోకీ వెళ్లింది. 1970లో 117 కూపేకు ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. కార్బ్యురేటర్ పీల్చే గాలి ఒత్తిడిని బట్టి పెట్రోలును తనంతట తాను కలిపితే, ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌లో సెన్సర్లు గాలినీ వేడినీ కొలిచి, ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక విద్యుత్ పరికరం నిర్ణయిస్తుంది. జపాన్‌లో తయారై అమ్ముడైన కార్లలో ఈ పద్ధతి మొదట కనిపించింది 117 కూపేలోనే. 1979లో మాత్రం ఈ సుకుమారమైన కారులో డీజిల్ ఇంజనును కూడా అమర్చారు. అప్పటి స్పోర్ట్స్ కారు ప్రియులకు అది అపచారంగా తోచినా, ట్రక్కుల కొమ్మ నుంచి కూపేల కొమ్మకు ఒక లక్షణం దాటిన సందర్భంగా చూస్తే అది ఆ కుటుంబానికి సహజమైన పనే.

తర్వాతి కూపే కథ కూడా జుజారోతోనే మొదలవుతుంది. అప్పటికి సొంతంగా ఇటాల్‌డిజైన్ సంస్థను నడుపుతున్న ఆయన, పేకముక్కల పేర్లతో వరుసగా నమూనా కార్లు చేస్తూ, ఆడీ భాగాలతో ఇస్పేటు ఆసును, బీఎండబ్ల్యూ భాగాలతో డైమను ఆసును రూపొందించి, ఇసుజు భాగాలతో కళావరు ఆసును 1979లో జెనీవాలో ప్రదర్శించాడు. ఆ మూడింటిలో పెద్ద మార్పులు లేకుండా ఉత్పత్తికి చేరింది కళావరు ఆసు ఒక్కటే. 1981లో అది పియాట్సా పేరుతో వచ్చింది. గాలిని చీల్చుకుపోయే దాని సామర్థ్యాన్ని తెలిపే నిరోధక గుణకం 0.36. కారు వేగం రెట్టింపైతే గాలి ఎదురొత్తు నాలుగు రెట్లు, దాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది కాబట్టి, గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటాక ఇంజను బలం కంటే రేకు వంపే ఎక్కువ మేలు చేస్తుంది. అయితే ఆ నున్నని ఒంటి కింద ఉన్నది జనరల్ మోటార్స్ కుటుంబంలోని చిన్న కారు జెమిని భాగాలే. ఒకే పునాదిని అనేక మోడళ్లకు వాడడాన్ని వాహన పరిశ్రమలో ప్లాట్‌ఫాం పంచుకోవడం అంటారు. ఖర్చు తగ్గించే ఈ పద్ధతికి మూల్యంగా పియాట్సా తన రూపానికి తగిన నడక లేని కారుగా విమర్శలకు గురైంది.

ఆ నడకను బాగుచేసింది బ్రిటన్‌లోని లోటస్ ఇంజనీర్లు. 1986లో లోటస్‌ను జనరల్ మోటార్స్ కొనడంతో ఇసుజు, లోటస్ ఒకే ఇంటివయ్యాయి. స్ప్రింగులను, కుదుపు తగ్గించే డంపర్లను లోటస్ సరిచేసిన పియాట్సాలు 1980ల చివర్లో వచ్చాయి. బదులుగా 1989లో లోటస్ విడుదల చేసిన ఎలాన్ అనే తేలికపాటి స్పోర్ట్స్ కారులో ఇసుజు 1,588 ఘన సెంటీమీటర్ల ఇంజను కూర్చుంది. ఈ ఎలాన్ నిర్మాణ హక్కులను, అచ్చులను తర్వాత దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ కొని, 1996 నుంచి తన ఇంజనుతో కొన్నేళ్లు తయారుచేసింది. ఒకే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు ఒకరు గుండెనిచ్చి, మరొకరు దేహాన్ని వారసత్వంగా పొందిన ఈ రెండు ఆసియా సంస్థలూ, దశాబ్దాల తర్వాత ఒకటి పులికాట్ పక్కన శ్రీసిటీలో, ఇంకొకటి పెనుకొండ దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లోనే కర్మాగారాలు పెట్టడం చరిత్రలో అప్పుడప్పుడు తటస్థపడే చమత్కారం.

1989 టోక్యో ప్రదర్శనలో ఇసుజు 4200ఆర్ అనే నమూనాను పెట్టింది. ఎనిమిది సిలిండర్ల, 4.2 లీటర్ల ఇంజనును సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు అమర్చిన ఈ కారు ఉత్పత్తికి రాలేదు. 1991 ఆగస్టులో సిల్వర్‌స్టోన్ పందెపు బాటపై, ఇసుజు నిర్మించిన మూడున్నర లీటర్ల, పన్నెండు సిలిండర్ల ఇంజనుతో లోటస్ ఫార్ములా వన్ కారు పరీక్షకు పరుగెత్తింది. ఒక్క పందెంలోనైనా అది పాల్గొనలేదు. ఈ కొమ్మ పూర్తిగా పూసింది అప్పుడే, ఎండడం మొదలైందీ అప్పుడే. జపాన్‌లో ఆస్తుల ధరల బుడగ పగలడం, నష్టాలు పేరుకోవడంతో, సొంతంగా ప్రయాణికుల కార్లను రూపొందించడం మానేస్తున్నట్టు 1992 డిసెంబరులో ఇసుజు ప్రకటించింది. ఆ తర్వాత జపాన్‌లో ఇసుజు పేరుతో అమ్ముడైన కార్లు హోండా కార్లే. 1997లో వచ్చిన వెహిక్రాస్ అనే విచిత్రాకారపు రెండు తలుపుల ఎస్‌యూవీ దాదాపు ఆరు వేల దగ్గర ఆగిపోయింది; పాత కూపేల సాహసం చివరిసారి మెరిసింది అందులోనే అనవచ్చు.

ఇక రెండో కొమ్మ. 1972లో ఇసుజు ఫాస్టర్ అనే చిన్న పికప్‌ను విడుదల చేసింది. అమెరికాలో షెవర్లే లవ్ పేరుతో అమ్ముడైన ఈ బండికి కింద విడిగా ఉక్కు చట్రం ఉన్నా, పైన ఫ్లోరియన్ కారు భాగాలు అనేకం యథాతథంగా వాడారు. ఫ్లోరియన్ పునాది మీదే 117 కూపే కూడా నిలిచింది కాబట్టి, జెనీవాలో మెరిసిన కూపేకూ బరువులు మోసిన ఫాస్టర్‌కూ మధ్య ఉన్నది తోబుట్టువుల సంబంధం. ఫాస్టర్ వంశం తరాలు మారుతూ, ఉత్పత్తి కేంద్రం జపాన్ నుంచి థాయ్‌లాండ్‌కు తరలుతూ, 2002లో డీ-మ్యాక్స్ అనే పేరు ధరించింది; దాని రెండో తరం 2011లో థాయ్‌లాండ్‌లో మొదలై, 2016లో డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పేరుతో శ్రీసిటీ నుంచి వెలువడింది. అంతకుముందు ఎంయూ-7 ఎస్‌యూవీని, తొలి డీ-మ్యాక్స్‌లను 2013 నుంచి తమిళనాడులోని తిరువళ్లూరులో ఉన్న హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో బిగించి అమ్మేవారు.

ఈ రెండు కొమ్మల దూరాన్ని కొలవడానికి ఇంజను ఘనపరిమాణంలో ఒక్కో లీటరుకు వచ్చే అశ్వశక్తి మంచి కొలమానం. 1968 నాటి 117 కూపేలో అది సుమారు 76. ఎంయూ-7లోని మూడు లీటర్ల డీజిల్ ఇంజను 163 అశ్వశక్తి ఇచ్చింది, అంటే లీటరుకు 54. భారత్ స్టేజ్ 6 కాలుష్య నియమాలకు తగినట్టు 2021లో వచ్చిన వీ-క్రాస్‌లోని 1.9 లీటర్ల డీజిల్ ఇంజను అదే 163 అశ్వశక్తినీ, అదే 360 న్యూటన్ మీటర్ల టార్కునూ ఇస్తుంది, లీటరుకు 86. పాత జపాన్ లెక్కల్లో ఇంజనును విడిగా, ఉపకరణాల భారం లేకుండా కొలిచేవారు కాబట్టి నిజమైన తేడా ఇంకా ఎక్కువే. అంటే తొట్టిలో బస్తాలు మోసే బండి ఇంజను, ఒకప్పటి విలాస కూపే ఇంజనును దాని సొంత రంగంలోనే దాటిపోయింది. టార్కు అంటే ఇరుసును తిప్పే బలం; కూపే ఇంజను 5,000 భ్రమణాల వద్ద 142 న్యూటన్ మీటర్లు ఇస్తే, వీ-క్రాస్ 2,000 నుంచి 2,500 మధ్యనే అంతకు రెండున్నర రెట్లు ఇస్తుంది. నిండు బరువుతో కదలాల్సిన బండికి కావలసింది ఈ తక్కువ వేగపు బలమే.

దీనికి కారణాలు ప్రధానంగా రెండు. మొదటిది టర్బోఛార్జర్: బయటికి పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరిగి, దానికి జోడించిన మరో చక్రం గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెడుతుంది, గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనం మండుతుంది. రెండోది కామన్ రెయిల్: అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టంలో డీజిల్‌ను అపారమైన ఒత్తిడితో నిల్వ ఉంచి, కంప్యూటర్ ఆజ్ఞ మేరకు ఒక్కో దహనానికి అనేక విడతలుగా చిమ్మే పద్ధతి. ఆధునిక వ్యవస్థల్లో ఈ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు రెండు టన్నులు ఉంటుంది. అందువల్ల డీజిల్ బొట్లు మంచు తుంపరలంత సన్నబడి గాలిలో బాగా కలిసి, మసి తగ్గి, ప్రతి చుక్క నుంచీ ఎక్కువ పని వస్తుంది. ఎలక్ట్రానిక్ పరికరం ఇంధనాన్ని కొలవడమనే సూత్రం 1970 నాటి కూపేలోనూ ఉన్నదే.

చట్రం విషయంలో మాత్రం రెండు కొమ్మలు పూర్తిగా విడిపోయాయి. కూపేలో రేకు దేహమే భారాన్ని భరించే మోనోకాక్ నిర్మాణం ఉంటుంది. తేలికగా, బిగుతుగా ఉండే ఆ దేహం మలుపుల్లో స్థిరంగా ఉంటుంది. పికప్‌లో రెండు పొడవాటి ఉక్కు దూలాలను అడ్డపట్టీలతో కలిపిన నిచ్చెన చట్రం మీద క్యాబిన్‌ను, తొట్టిని విడివిడిగా బిగిస్తారు. నెల్లూరు తీరంలోని అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో ఉన్న రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలతో, ఏరేటర్ విడిభాగాలతో తిరిగే పికప్‌లను, అవి ఏ సంస్థవైనా సరే, గమనిస్తే ఈ తేడా ఎందుకో తెలుస్తుంది. గట్టు మీది బంకమట్టి వానకు గుంటలు పడి ఎండకు గట్టిపడ్డాక ఒక చక్రం పైకి, దాని ఎదురు మూల చక్రం కిందికి దిగుతుంటే, ఎగుడుదిగుడు నేల మీద వేసిన నులకమంచం చట్రం కాస్త మెలితిరిగి నాలుగు కోళ్లనూ నేలకు ఆనించినట్టు, నిచ్చెన చట్రం కొద్దిగా వంగి ఆ మెలికను తానే భరిస్తుంది. క్యాబిన్‌కూ చట్రానికీ మధ్య ఉన్న రబ్బరు దిమ్మలు మిగిలినదాన్ని మింగుతాయి. అదే మెలిక మోనోకాక్ దేహంలో పదేపదే వస్తే అతుకుల దగ్గర బీటలు వారే ప్రమాదం ఉంటుంది.

తీరప్రాంతంలో ఇంతకంటే మొండి శత్రువు ఉప్పుగాలి. ఉప్పునీటిలోని క్లోరైడు అయాన్లు ఇనుము మీద ఏర్పడే పలుచని రక్షణ పొరను ఛేదిస్తాయి, తేమ విద్యుత్తును మోసుకుపోయే మాధ్యమంగా పనిచేస్తుంది, ఇనుము ఎలక్ట్రాన్లు కోల్పోయి తుప్పుగా మారుతుంది. 1970ల నాటి కూపేలలో చాలా వాటిని పొట్టనబెట్టుకున్నది ప్రమాదాలు కాదు, ఈ తుప్పే. ఇప్పటి వాహన కర్మాగారాల్లో రేకుకు జింకు పూత వేయడం వల్ల, గీత పడినా ఇనుము కంటే ముందు జింకు కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఆపై దేహం మొత్తాన్ని రంగు ద్రవం తొట్టెలో ముంచి విద్యుత్తు పంపితే, బ్రష్షుకు అందని మూలల్లోకి కూడా రంగు కణాలు ఆకర్షితమై అంటుకుంటాయి. అయినా, గట్టు మీంచి వచ్చిన బండిని మంచినీళ్లతో కింది భాగం సహా కడగడం అనే పాత అలవాటుకు ఈ రసాయన శాస్త్రం ఏదీ ప్రత్యామ్నాయం కాలేదు.

శ్రీసిటీ కర్మాగారం 107 ఎకరాల్లో, ఏడాదికి 50,000 వాహనాల తొలి సామర్థ్యంతో మొదలై, 2020 నాటికి రేకులొత్తే ప్రెస్ విభాగాన్ని, ఇంజన్లు బిగించే విభాగాన్ని కూడా సమకూర్చుకుంది. అక్కడ తయారయ్యే వాటిలో అచ్చంగా పనిబండి ఎస్-క్యాబ్. వీ-క్రాస్ మాత్రం తోలు సీట్లు, నాలుగు చక్రాల చోదనం, అల్లాయ్ చక్రాలతో, తొట్టి ఉన్నా సరుకు కోసం కాక సరదా కోసం కొనే బండిగా అమ్ముడవుతోంది. ఐదు మీటర్లు దాటిన పొడవుతో, రెండు టన్నులకు దగ్గరైన బరువుతో ఉన్న ఈ బండి, టన్నుకు కాస్త పైన తూగిన కూపే వదిలిపోయిన స్థానాన్ని ఆక్రమించిందంటే, మనిషికి అవసరానికి మించినదాని మీద మోజు ఎక్కడికీ పోలేదనీ, దాని ఆకారమే మారిందనీ అనుకోవాలి. థాయ్‌లాండ్‌లో 2019లో మూడో తరం వచ్చాక కూడా భారత్‌లో రెండో తరం ఆకృతే కొనసాగడం, ఒకే జాతి వేర్వేరు నేలల్లో వేర్వేరు వేగాలతో మారుతుందనడానికి ఉదాహరణ.

2024 మార్చిలో బ్యాంకాక్ ప్రదర్శనలో ఇసుజు విద్యుత్ డీ-మ్యాక్స్‌ను ఆవిష్కరించింది. నిచ్చెన చట్రం అలాగే ఉంది. డీజిల్ ఇంజను స్థానంలో 66.9 కిలోవాట్ గంటల బ్యాటరీ, ముందు ఒకటి, వెనక ఒకటి మోటార్లు వచ్చాయి. వెనక మోటారు బరువును చక్రాలతో పాటు ఎగిరెగిరి పడనివ్వకుండా చట్రానికే బిగించి, రెండు చక్రాలను మాత్రం ఒక వంపు తిరిగిన గొట్టంతో కలిపే డి డియోన్ అమరికను ఇందులో వాడారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆల్ఫా రోమియో వంటి సంస్థలు మలుపుల్లో చక్రాలు నిటారుగా నిలవాలని తమ స్పోర్టీ కార్లలో అమర్చుకున్న ఈ పద్ధతి, ఫాస్టర్ సంతతిలోకి చేరింది అరటన్నుకు మించిన బరువు మోసే ఈ విద్యుత్ పికప్‌తోనే.